ఇంట్లో చేసిన పఫ్‌కి కూలి ఎవరిస్తారు?

స్త్రీల స్వయం ఉపాధి పేరుతో నడిచే శిక్షణల జాబితా ఒకసారి చూడండి. కుట్టుపని, అప్పడాలు, పచ్చళ్ళు, కొవ్వొత్తులు, అగరుబత్తీలు. దశాబ్దాలుగా ఇవే. వీటి పక్కన ఇప్పుడు బేకరీ పని కూడా చేరింది. కేకులు, బిస్కెట్లు, వాటితోపాటు ఫ్రెంచి పద్ధతిలో పొరలు పొరలుగా విచ్చుకునే తీపి పఫ్‌లు. సెల్‌ఫోన్లో కనబడే వంటల వీడియోలు కూడా ఇదే పాట పాడుతున్నాయి: ఇంట్లోనే, సులభంగా, తక్కువ ఖర్చుతో! శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మహిళా సంఘాలతో పనిచేసే వాళ్ళకి "మాకూ ఇది నేర్పించండమ్మా" అనే మాట కొత్తేమీ కాదు. అలా అడగడంలో తప్పు లేదు. కొత్త వంట నేర్చుకోవాలనే కోరికా, దానితో నాలుగు రూపాయలు సంపాదించుకోవాలనే కోరికా రెండూ న్యాయమైనవే.

నా అభ్యంతరం పఫ్ మీద కాదు. "ఇంట్లోనే", "సులభంగా" అనే రెండు మాటల మీద. స్త్రీ చేసే పనిని పని కాకుండా చెయ్యడానికి పితృస్వామ్యం ఎప్పుడూ వాడుకునే మాటలు ఈ రెండే. ఇంట్లో చేసింది కాబట్టి అది ఉద్యోగం కాదు. సులభంగా అయిపోయింది కాబట్టి దానికి కూలి అక్కర్లేదు. అందుకే నేను చెప్పదలచుకున్నది ఇది: ఇంటి వంటని ఉపాధి అని పిలవదలిస్తే ముందు ఆ పనికి పట్టే గంటల్ని లెక్కకట్టాలి. ఆ గంటలకి కూలి గిట్టని చోట ఆ శిక్షణని ఉపాధి అని చెప్పకూడదు. గిట్టాలంటే ఆ పని ఎవరింట్లో వాళ్ళు కాకుండా నలుగురూ కలిసి చేసే చోటుకి రావాలి.

ఈ మాట ఏ వంట గురించయినా అనొచ్చు. కానీ పొరల పిండి విషయంలో ఇది మరీ స్పష్టంగా కనిపిస్తుంది. అందులో వున్నది మైదా, నీళ్ళు, ఉప్పు, వెన్న. మిగతాదంతా మనిషి చేతి పనే.

పొరలు ఎలా వస్తాయి?

పావుకిలో మైదాలో చిటికెడు ఉప్పు, రెండు చెంచాల వెన్న, సుమారు 125 మిల్లీలీటర్ల చల్లటి నీళ్ళు పోసి ముద్ద చేస్తారు. దాన్ని అరగంట పక్కన పెట్టాలి. 180 గ్రాముల వెన్నని పలకలా అదిమి చల్లబరుస్తారు. పిండిని వత్తి, మధ్యలో ఆ వెన్న పలక పెట్టి, నాలుగు వైపులా కవరులా మూసేస్తారు. దీన్ని పొడుగ్గా వత్తి మూడు మడతలు వేస్తారు. అడ్డంగా తిప్పి మళ్ళీ వత్తి మళ్ళీ మూడు మడతలు. రెండు మడతలు అయ్యేసరికి పిండి జిగురు బిగిసిపోయి కర్రకి లొంగదు, వెన్న మెత్తబడిపోతుంది. అందుకని అరగంటో గంటో చల్లటి చోట పెట్టాలి. ఇలా మొత్తం ఆరు మడతలు. ఒక పొర మూడవుతుంది, మూడు తొమ్మిదవుతాయి, ఆరో మడతకి 729 వెన్న పొరలు తయారవుతాయి. ఓవెన్లో 200 డిగ్రీల వేడి తగలగానే పిండిలో, వెన్నలో వున్న నీరు ఆవిరై పొరల్ని విడదీసి పైకి లేపుతుంది. అందుకే దీనికి వంటసోడా అక్కర్లేదు.

పిండి తయారయ్యాక తీపి పదార్థాలు చెయ్యడం నిజంగానే తేలిక. పీట మీద పంచదార జల్లి పిండిని వత్తి, రెండు అంచుల నుంచీ మధ్యకి చుట్టి, వేలు మందంలో కోసి కాలిస్తే హృదయం ఆకారంలో కరకరలాడే బిస్కెట్లు వస్తాయి. ఫ్రెంచి వాళ్ళు వీటిని పామియే అంటారు. అంటే తాటి జాతి చెట్టు అని అర్థం. పట్టీలుగా కోసి మెలితిప్పి పంచదార అద్దితే మెలిక పుల్లలు. చదరంగా కోసి మధ్యలో పండ్ల గుజ్జు పెట్టి మడిస్తే అదొక రకం. ఉద్దానం కొబ్బరితో, బెల్లంతో చేసిన లౌజు పెట్టి మడిస్తే మన రుచికి ఇంకా బాగుంటుంది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. "సులభంగా పఫ్" అని చెప్పే వంటల్లో చాలా భాగం పిండి తయారుచెయ్యడంతో మొదలు కావు. బజార్లో కొన్న, ముందే మడతలు వేసి గడ్డకట్టించిన పిండి పలకతో మొదలవుతాయి. ఫ్రాన్సులో మామూలు కుటుంబాలు కూడా ఎక్కువగా దుకాణంలో దొరికే తయారు పిండితోనే ఇంట్లో ఇవి చేసుకుంటాయి. ఆ 729 పొరల పని ఫ్యాక్టరీలో మరల మీద అయిపోయింది. అందుకే వాళ్ళకి అది అరగంట సరదా. పాలకొండ పక్క పల్లెలోనో, సాలూరు పక్క పల్లెలోనో ఆ పలక దొరకదు. దొరికినా ఇంటికి చేరేసరికి కరిగిపోతుంది. అప్పుడు ఆ ఫ్యాక్టరీ చేసే పనంతా ఆ ఇంటి ఇల్లాలి మణికట్టు చెయ్యాలి. పేరు మాత్రం అదే: సులభమైన వంట.

మన వేడి, మన వంటిల్లు

వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్య కరిగిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన కోస్తా వంటిళ్ళలో వేడి ఆపాటి వుంటుంది, పొయ్యి వెలిగితే ఇంకా పైన. పొరల మధ్య గట్టిగా వుండాల్సిన వెన్న పిండిలోకి ఇంకిపోతే పఫ్ లేవదు, గట్టి రొట్టె అవుతుంది. కాబట్టి ఫ్రిజ్ కావాలి, కరెంటు పోకుండా వుండాలి. ఓవెన్ కావాలి. డ్వాక్రా సంఘాల స్త్రీలకి గ్యాస్ కనెక్షన్లు ఇచ్చిన దీపం పథకం 1999లో వచ్చింది, ఉజ్వల 2016లో వచ్చింది. పొగ లేని పొయ్యి కోసమే మన స్త్రీలు అంతకాలం ఎదురు చూడాల్సి వచ్చింది. ఓవెన్ సంగతి ఇక చెప్పేదేముంది?

ఈ వేడిని తట్టుకోవడానికి బేకరీల్లో వెన్న బదులు వనస్పతి, మార్జరీన్ వాడతారు. అవి ఎక్కువ వేడికి గాని కరగవు, పైగా చవక. కానీ పాక్షికంగా హైడ్రోజన్ ఎక్కించిన కొవ్వుల్లో ట్రాన్స్ ఫ్యాట్ వుంటుంది. అది గుండెజబ్బుల్ని పెంచుతుందని తేలింది. కొవ్వుల్లో, నూనెల్లో ఇది నూటికి రెండు పాళ్ళు దాటకూడదనే నిబంధన 2022 జనవరి నుంచి మన దేశంలో అమల్లోకి వచ్చింది. విడిగా తూచి అమ్మే కొవ్వు కొనే స్త్రీకి ఈ సంగతి ఎవరు చెబుతారు? సంఘం ఆడవాళ్ళు చేసే పఫ్ తినేది ఎక్కువగా ఆ వూరి బడిపిల్లలే. సరుకు నాణ్యత గురించి చెప్పని శిక్షణ, నేర్చుకున్న స్త్రీకీ ద్రోహమే, తినే పిల్లలకీ ద్రోహమే.

నిజానికి పొరల విద్య మనకి కొత్తది కాదు. మడత కాజా అదే సూత్రం. మైదాని పల్చగా వత్తి, నెయ్యీ పిండీ రాసి, చుట్టి, కోసి, మళ్ళీ వత్తి, నూనెలో సన్నటి సెగ మీద వేయించి పాకంలో వేస్తారు. ఓవెన్ లేని నేల మీద పుట్టిన పఫ్ అది. ఆత్రేయపురం పూతరేకులు ఇంకో దారి. బోర్లించిన కుండ మీద బియ్యప్పిండి నీళ్ళ గుడ్డ పరిచి తీస్తే ఒక్కో రేకూ వస్తుంది. ఆ రేకులు తీసేది స్త్రీలే, పొగలో, కుండ సెగలో గంటల తరబడి కూర్చుని. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు వూరికి దక్కింది, మంచిదే. రేకు తీసిన చేతికి రేటు ఎంత దక్కుతోందనేది వేరే ప్రశ్న. ఆ ప్రశ్న మనం అడగకపోతే ఎవరూ అడగరు.

ఫ్రెంచి అనే మాటకి విలువ ఎక్కడి నుంచి వస్తుందో కూడా ఆలోచించాలి. ఉత్తరాంధ్రకి ఫ్రెంచి వాళ్ళు పరిచయమైంది వంటలతో కాదు. 1757లో బుస్సీ విజయనగరం రాజుల పక్షాన ఫిరంగులతో బొబ్బిలి కోట మీదికి వచ్చాడు. వాళ్ళ వంట మాత్రం ప్రపంచమంతటా గొప్ప కళగా పేరు తెచ్చుకుంది. ఆ పేరు తెచ్చుకున్న వాళ్ళు కరేమ్ వంటి మగ పాకశాస్త్రులు. వాళ్ళు దాన్ని వృత్తిగా, దుకాణంలో, జీతం తీసుకుని చేశారు. ఇక్కడా అంతే. పెళ్ళివంటల మేస్త్రీ మగవాడయితే బేరమాడి అడ్వాన్సు తీసుకుంటాడు. అదే కాజా, అదే అరిసె ఇంట్లో ఆడది చేస్తే అది పండగ బాధ్యత. వంట ఒక్కటే, చేసేవాళ్ళు ఎవరు, ఎక్కడ చేశారు అనే దాన్ని బట్టి అది కళో, కూలో, చాకిరో అవుతోంది.

తీరిక వేళ అనే అబద్ధం

ఇది కొత్త మోసం కాదు. నర్సాపురం లేసు అల్లే స్త్రీల మీద జర్మన్ స్త్రీవాది మరియా మీస్ చేసిన పరిశోధన 1982లో పుస్తకంగా వచ్చింది. ఆ స్త్రీలు అల్లిన లేసు విదేశాలకి వెళ్ళేది. వ్యాపారం మగవాళ్ళ చేతిలో వుండేది. రోజూ గంటల తరబడి అల్లే ఆ స్త్రీలని మాత్రం పనిచేసే వాళ్ళుగా కాక, ఇంట్లో కూర్చుని తీరిక వేళ అల్లుకునే గృహిణులుగా చూశారు. శ్రామికురాలిని గృహిణిగా చూపించడం వల్లే ఆమె శ్రమని అంత చవకగా కొనగలుగుతున్నారని మీస్ తేల్చి చెప్పింది. నలభై ఏళ్ళు దాటినా ఆ మాట పాతబడలేదు. లేసు స్థానంలో ఇప్పుడు పఫ్ వచ్చింది, అంతే.

తీరిక ఎంత వుందో లెక్కలే చెబుతున్నాయి. జాతీయ గణాంక కార్యాలయం 2024లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకి సగటున 289 నిమిషాలు దానికే ఖర్చుపెడుతున్నారు. ఆ పని చేసే మగవాళ్ళు ఖర్చుపెట్టేది 88 నిమిషాలు. ఇంటిపనికి అయిదు గంటలు పోయాక, పొలం పనికో ఉపాధి పనికో వెళ్ళొచ్చాక, పఫ్‌కి కావలసిన నాలుగయిదు గంటలు ఎక్కడి నుంచి వస్తాయి? నిద్రలోంచి వస్తాయి, లేదా ఆమె కూతురి చదువులోంచి వస్తాయి. రెండు మడతల మధ్య పిండికి విశ్రాంతి ఇవ్వమని పాఠంలో చెబుతారు. ఆ అరగంటలో ఆమె నీళ్ళు తెస్తుంది, అన్నం వారుస్తుంది, అత్తగారికి మందు ఇస్తుంది. పిండికి వున్న విశ్రాంతి ఆమెకి లేదు.

మన జిల్లాలకి ఈ అనుభవం మొదటి నుంచీ వుంది. 1982-83లో డ్వాక్రా మొదలయినప్పుడు రాష్ట్రంలో ఎంపికైన తొలి జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. 2000లో ప్రపంచ బ్యాంకు రుణంతో వెలుగు ప్రాజెక్టు మొదట చేపట్టిన ఆరు జిల్లాల్లో శ్రీకాకుళం, విజయనగరం రెండూ వున్నాయి. పొదుపు చెయ్యడం, బ్యాంకు మెట్లు ఎక్కడం, నలుగురిలో నిలబడి మాట్లాడటం – ఇవి స్త్రీలు నిజంగా సాధించుకున్నవి. వాటిని నేను తక్కువ చెయ్యను. కానీ అప్పు ఇచ్చిన ప్రతిసారీ "ఏదో ఒక యూనిట్ పెట్టుకోండి" అన్నారే గాని, ఆ యూనిట్‌లో ఆమె గంటకి ఎంత సంపాదిస్తోందని అడగలేదు. సూక్ష్మరుణ సంస్థల వసూళ్ళ వేధింపులు ఎంతదాకా వెళ్ళాయంటే 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. అప్పుకి వడ్డీ వారం వారం లెక్కకట్టిన వాళ్ళెవరూ ఆమె శ్రమకి రోజు కూలి లెక్కకట్టలేదు.

లెక్క ఇలా వెయ్యాలి

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇవి లెక్క నేర్పడానికి వేసుకున్న అంకెలు, ధరలు వూరిని బట్టి మారతాయి. పావుకిలో మైదా పిండితో 30 పామియేలు వచ్చాయనుకుందాం. వెన్న, మైదా, పంచదార, కరెంటు, కవర్లు అన్నీ కలిపి 160 రూపాయలు. టౌనులో దుకాణదారు ఒక్కోటి ఆరు రూపాయలకి తీసుకుంటాడు. వచ్చింది 180. శిక్షణలో వేసే లెక్క ఇక్కడితో ఆగిపోతుంది: లాభం 20 రూపాయలు. పది వాయిలయితే 200 అని ఆశ కూడా పెడతారు.

ఇప్పుడు గంటలు రాద్దాం. కలపడం, వత్తడం, మడవడం, కొయ్యడం, కాల్చడం, గిన్నెలు కడగడం, కవర్లో పెట్టడం, దుకాణానికి చేర్చడం – మూడు గంటలకి తక్కువ కాదు. పిండి చల్లబడే వరకూ కనిపెట్టుకుని వుండే రెండు గంటలు దీనికి అదనం. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ పథకం కింద రోజు కూలి 307 రూపాయలు. ఎనిమిది గంటలకి పంచితే గంటకి సుమారు 38. మూడు గంటలకి 114 రూపాయలు. సరుకుతో కలిపితే 274. అంటే ఒక్కో పామియేకీ తొమ్మిది రూపాయలు వస్తేనే ఆమెకి మట్టి మోసిన కూలి అయినా దక్కినట్టు. కనిపెట్టుకుని వున్న గంటలు కూడా కలిపితే పదకొండు దాటుతుంది. ఆరుకి అమ్మితే గంటకి ఏడు రూపాయలు కూడా రాలేదు. ఆమె లాభం సంపాదించలేదు, తన ఒంటిని దుకాణదారుకి అరువిచ్చింది.

ఈ లెక్క చూపిస్తే స్త్రీలు నిరుత్సాహ పడతారని కొందరు కార్యకర్తలు అంటారు. నిజం చెబితే నిరుత్సాహమూ, అబద్ధం చెబితే సాధికారతానా? లెక్క తెలిసిన స్త్రీ తొమ్మిది అడుగుతుంది, లేదా అదే సమయంలో కాజా చెయ్యడం మేలని తేల్చుకుంటుంది, లేదా ఇది పిల్లల పుట్టినరోజుకి చేసుకునే వంటే గాని ఉపాధి కాదని నిర్ణయించుకుంటుంది. మూడూ ఆమె నిర్ణయాలే. సరదాగా చేసుకునే వాళ్ళకి ఈ లెక్క అక్కర్లేదు. సరదాని ఉపాధి పేరుతో అమ్మినప్పుడే లెక్క అడగాలి.

డబ్బు ఎవరి చేతికి వెళుతుందన్నది రెండో ప్రశ్న. విజయనగరంలో 1892లో మొదట ప్రదర్శించిన 'కన్యాశుల్కం' నాటకంలో పూటకూళ్ళమ్మని మనం మర్చిపోకూడదు. అన్నం వండి అమ్ముకుని బతికే వితంతువు ఆమె. సంతలో సామాను కొని తెస్తానని ఆమె దగ్గర ఇరవై రూపాయలు పట్టుకెళ్ళిన గిరీశం వాటిని ఎక్కడ ఖర్చుపెట్టాడో చదివిన వాళ్ళందరికీ తెలుసు. గిరీశం మాటలకి తరతరాలు నవ్వుకున్నాం. ఆ వంట సొమ్ము పోగొట్టుకున్న ఆడదాన్ని గయ్యాళిగానే గుర్తుపెట్టుకున్నాం. ఇవాళ సంఘం అప్పు ఆమె పేరున వుండి, సరుకు కొనేదీ, దుకాణంలో డబ్బు తీసుకునేదీ భర్తో కొడుకో అయినప్పుడు పరిస్థితి ఏం మారినట్టు? కిస్తీ మాత్రం ఆమే కట్టాలి.

ఇల్లు దాటాలి

"ఇంట్లో అయితేనే వాళ్ళకి వీలు" అనే వాదన వుంది. చంటిపిల్లలున్న తల్లికి, బయటికి పంపని ఇంటి కోడలికి, మగవాళ్ళు చెన్నైకో హైదరాబాదుకో వలసపోయి ముసలివాళ్ళని చూసుకుంటున్న స్త్రీకి అది నిజమే. ఆ వీలుని కొట్టిపారెయ్యకూడదు. కానీ ఆ వీలు ఎక్కడి నుంచి వచ్చిందో అడగాలి. పిల్లల్ని చూసుకునే కేంద్రం వూళ్ళో లేదు, సాయంత్రం ఆరు దాటితే బస్సు లేదు, ఇంటిపని పంచుకునే మగవాడు లేడు. ఇవేవీ మార్చకుండా ఆమెకి ఇంట్లోనే మరో పని ఇవ్వడాన్ని వీలు అని పిలుస్తున్నాం.

ఇంటి వంట అనే ముద్రలో కులం కూడా వుంది. "ఇంట్లో చేసింది" అంటే కొనేవాడు ముందు అడిగేది ఎవరింట్లో అని. 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని చంపావత్ జిల్లాలో దళిత స్త్రీ వండిందని పై కులాల పిల్లలు బడిలో మధ్యాహ్న భోజనం మానేశారు. మన దగ్గర ఇలాంటివి లేవని ఏ కార్యకర్తా గుండెమీద చెయ్యేసుకుని చెప్పలేదు. అరిసెలు, పచ్చళ్ళు "మా ఇంటి మడి వంట" అని అమ్ముకోగలిగిన వాళ్ళు వేరు, ఆ మాట అనలేని వాళ్ళు వేరు. బేకరీ సరుకు ఈ విషయంలో కొంచెం నయం. గాజు పెట్టెలో వున్న పఫ్‌ని ఎవరు మడిచారని అడిగి కొనేవాళ్ళు తక్కువ. దళిత స్త్రీలకి, సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీల ఆదివాసీ స్త్రీలకి పఫ్ నిజంగా ఇవ్వగలిగిన అవకాశం ఇదే. దాన్ని మళ్ళీ ఎవరింట్లో వాళ్ళు చేసే పనిగా మారిస్తే ఆ అవకాశం కూడా పోతుంది.

పలాస జీడిపప్పు పరిశ్రమ మన కళ్ళెదుట వుంది. అక్కడ పిక్కలు కొట్టే స్త్రీల చేతులు జీడి రసానికి కాలిపోతాయి. కూలి గిట్టదు. అక్కడి పరిస్థితి బాగుందని నేను అనడం లేదు. కానీ పదిమంది ఒకే షెడ్డులో కూర్చున్నప్పుడు రేటు అందరికీ తెలుస్తుంది, గేటు దగ్గర నిలబడి అడగడానికి తోడు దొరుకుతుంది. ఒక్కో వంటింట్లో ఒక్కో స్త్రీ పిండి మడుస్తుంటే పక్కింటామెకి దుకాణదారు ఎంత ఇచ్చాడో కూడా ఈమెకి తెలియదు.

చట్టంలోనూ ఇదే కిటుకు వుంది. ఇంటి ఆధారిత శ్రామికుల అసంఘటిత రంగ సామాజిక భద్రతకి సంబంధించి 2008 చట్టంలోనూ, తర్వాత వచ్చిన 2020 సామాజిక భద్రతా స్మృతిలోనూ ఇచ్చిన నిర్వచనం ప్రకారం, యజమాని కోసం తన ఇంట్లో వస్తువు తయారుచేసి ప్రతిఫలం పొందే వ్యక్తి ఇంటి ఆధారిత శ్రామికురాలు. ముడిసరుకు ఆ యజమాని ఇచ్చాడా లేదా అన్నది ముఖ్యం కాదు. కాబట్టి దుకాణదారు మైదా, కొవ్వు ఇచ్చి ఒక్కో ముక్కకి రేటు కట్టి తీసుకుంటూ వుంటే, "ఆమె సొంత వ్యాపారం చేసుకుంటోంది" అనే మాటని మనం ఒప్పుకోనక్కర్లేదు. అతను యజమాని, ఆమె శ్రామికురాలు. ఈ శ్రామికులకి మిగతా కూలీలతో సమాన హక్కులు వుండాలనే 177వ ఒడంబడికని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లోనే ఆమోదించింది. మన ప్రభుత్వం దాన్ని ఇంతవరకూ ధ్రువీకరించలేదు.

మనం ఏం చెయ్యాలి?

మొదటిది, శిక్షణ ఇచ్చే ప్రతి సంస్థనీ గంటల లెక్క అడగాలి. కూలిని ఖర్చులో రాయని ప్రాజెక్టు నివేదిక మీద సంఘం సంతకం పెట్టకూడదు. పిండి కలిపే పాఠానికి ముందు ఈ లెక్క పాఠం జరగాలి. చదువురాని స్త్రీలయితే గింజలతో, గీతలతో వేయించవచ్చు, వాళ్ళకి అది కష్టమేమీ కాదు.

రెండోది, ఉమ్మడి వంటశాల. ఒక పెద్ద ఓవెన్, ఒక ఫ్రిజ్, పొడుగాటి బల్ల, పిల్లల కోసం ఒక గది, వాళ్ళని చూసుకోవడానికి జీతం వున్న ఒక మనిషి. 2020లో వచ్చిన చిన్న ఆహార పరిశ్రమల పథకంలో సంఘ సభ్యురాలికి 40,000 రూపాయల వరకూ మూలధనం, యూనిట్‌కి నూటికి 35 పాళ్ళు, పది లక్షలు మించకుండా సబ్సిడీ ప్రకటించారు. అటువంటి నిధుల్ని విడివిడి ఇళ్ళకి పంచే బదులు ఇలాంటి చోటు కోసం పట్టుబట్టాలి.

మూడోది, కాగితాలు ఆమె పేరున వుండాలి. ఏడాదికి 12 లక్షల లోపు వ్యాపారం చేసే చిన్న ఆహార తయారీదారులకి 2011 నిబంధనలు ఏడాదికి వంద రూపాయల రుసుముతో రిజిస్ట్రేషన్ ఏర్పాటు చేశాయి. ఆ రిజిస్ట్రేషన్, బ్యాంకు ఖాతా, ఫోనులో డబ్బు అందే నెంబరు – మూడూ ఆమెవే అయి వుండాలి. కవరు మీద సంఘం పేరు వుండాలి. నెలకోసారి సంఘం సమావేశంలో ఆ ఖాతా పుస్తకం తెరిచి చూడాలి.

నాలుగోది, టౌను దుకాణాలకి సరుకు వేసే స్త్రీలందరూ కలిసి ఒకే రేటు నిర్ణయించుకోవాలి. అంతకంటే తక్కువకి ఎవరూ ఇవ్వకూడదు. అది కార్మిక సంఘం చేసే పనే, దానికి ఆ పేరు పెట్టడానికి మనం మొహమాట పడనక్కర్లేదు.

చివరిది, అన్నిటికంటే కష్టమైనది. ఆమె ఆ వంటశాలకి వెళ్ళిన గంటల్లో ఇంట్లో అన్నం ఎవరు వండుతారన్నది సమావేశంలో మాట్లాడాలి. ఆడవాళ్ళకి మాత్రమే వంట నేర్పించే శిక్షణలో ఈ ప్రశ్న రాదు. మగవాళ్ళని కూడా ఒక పూట పిలిచి, ఆ పిండి వాళ్ళ చేత ఆరు మడతలు వేయించండి. వేసినవాళ్ళకి గంటకి ఎంత కూలి కావాలో వాళ్ళనే అడగండి. వాళ్ళు చెప్పిన అంకెనే ఆ ఇంటి ఆడవాళ్ళ లెక్కలో రాయండి.